కిడ్నీలు, కీళ్లు రెండూ దెబ్బతిన్న పిల్లికి డాక్టర్ రాసిన పౌచ్‌లా, ఇంటి తిండా?

తార్నాక తులసి:
మా బుజ్జిగాడికి 13 ఏళ్లు. నెల రోజులుగా మంచం ఎక్కట్లేదు. పక్కనున్న స్టూల్ మీద ముందుకాళ్లు ఆనించి, కాసేపు అలాగే నిలబడి, దిగిపోతున్నాడు. నీళ్ల గిన్నె మాత్రం రోజుకు రెండుసార్లు నింపాల్సి వస్తోంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) 3.1, ఫాస్ఫరస్ 5.8 వచ్చాయి. ఎక్స్‌రే చూసి తుంటి కీళ్లు అరిగాయన్నారు. డాక్టర్ గారు కిడ్నీ జబ్బున్న పిల్లుల కోసం ప్రోటీన్ తగ్గించి చేసే తడి తిండి పౌచ్‌లు రాశారు. నాన్నేమో "పిల్లికి మాంసం తగ్గించడమేంటి, కార్జం ఉడకబెట్టి పెట్టు, ఒంట్లో బలం వస్తుంది" అంటున్నారు. ఏం చేయాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

మల్కాజిగిరి శ్రీను:
నాన్నగారి మాటే నాది అక్కా. ఆ పౌచ్ 85 గ్రాములు. నాలుగు కేజీల పిల్లికి రోజుకు దాదాపు మూడు కావాలి, అంటే నెలకు తొంభై. మనలాంటి ఇళ్లు ఎన్నాళ్లని మోస్తాయి? పైగా ప్రోటీన్ తగ్గితే కండ కరుగుతుంది, కండ లేని కీళ్లు ఇంకా బాధపడతాయి. రామ్‌నగర్ మార్కెట్లో చేపలు తెచ్చి, ముళ్లు తీసి, ఉడకబెట్టి పెట్టండి. మా పిల్లి అదే తిని 16 ఏళ్లు బతికింది.

సైనిక్‌పురి సరోజ:
శ్రీను గారూ, ఖర్చు గురించి మీరన్నది నిజం. కండ గురించి అన్నదీ కొట్టిపారేసే మాట కాదు. కానీ బుజ్జిగాడి లెక్క వేరు. క్రియాటినిన్ 2.9 నుంచి 5 మధ్య ఉంటే కిడ్నీ జబ్బు ఏ దశలో ఉందో డాక్టర్లు చూసే ఐరిస్ పట్టికలో అది మూడో దశ. ఆ దశలో ఫాస్ఫరస్‌ను 5 లోపు ఉంచాలంటారు. కిడ్నీ బయటికి పంపలేని ఫాస్ఫరస్ రక్తంలో పేరుకుపోయి, మిగిలిన కిడ్నీని కూడా పాడు చేస్తుంది. ఆ పౌచ్ చేసే ముఖ్యమైన పని దాన్ని తగ్గించడమే. 2006లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో రెండో, మూడో దశల్లో ఉన్న 45 పిల్లులను రెండేళ్లు చూశారు. మామూలు తిండి తిన్నవాటిలో పావు వంతుకు పైగా రక్తంలో విషాలు పెరిగి జబ్బుపడ్డాయి. కిడ్నీ తిండి తిన్నవాటిలో ఒక్కదానికీ అలా కాలేదు.

కార్జం మాత్రం వద్దు తులసి గారూ, దయచేసి నాన్నగారికి చెప్పండి. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ. అంతకన్నా భయపడాల్సింది విటమిన్ ఎ. రోజూ కార్జమే తినే పిల్లికి అది ఒంట్లో పేరుకుని మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తల వంచి గిన్నెలో తినడం కూడా కష్టమవుతుంది. కీళ్ల నొప్పి ఉన్నవాడికి ఆ బాధ కూడానా?

తడి తిండే ఎందుకంటే, అందులో నాలుగింట మూడొంతులకు పైగా నీళ్లే. పొడి గింజల్లో పదో వంతు ఉంటే ఎక్కువ. నడవడమే కష్టమైన పిల్లి నీళ్ల కోసం ఎన్నిసార్లు లేస్తుంది?

ఇక కీళ్ల సంగతి. మా పిల్లి మల్లి కుంటుతోందని తీసుకెళ్తే ఒకచోట రక్తపరీక్ష చేయకుండానే వరుసగా నొప్పి ఇంజెక్షన్లు ఇచ్చారు. కిడ్నీలు అప్పటికే సగం పోయాయని తర్వాత తెలిసింది. పది రోజుల్లో పోయింది. పిల్లులకు మెలాక్సికామ్ అనే నొప్పి మందు పదేపదే ఇస్తే కిడ్నీలు పాడై చనిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే మందు లేబుల్ మీద హెచ్చరిక పెట్టించింది. మన పారాసిటమాల్ అయితే ఒక్క బిళ్ల చాలు, ప్రాణం పోతుంది. ఏ నొప్పి మందైనా కిడ్నీ రిపోర్టు చూపించాకే వేయించండి. కిడ్నీకి, కీళ్లకు కలిపి చేసిన తిండి డబ్బాలు హిల్స్ కంపెనీ వాళ్లకు ఉన్నాయి, ఇక్కడ దొరుకుతాయేమో డాక్టర్‌ని అడగండి. మంచం పక్కన రెండు మెట్లు, అంచు తక్కువున్న లిట్టర్ ట్రే మాత్రం ఇవాళే పెట్టొచ్చు.

మల్కాజిగిరి శ్రీను:
కార్జం సంగతి నాకు తెలీదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ వాడు ఆ పౌచ్ ముట్టుకోకపోతే? ఆకలితో ఉంచుతారా?

సైనిక్‌పురి సరోజ:
అస్సలు ఉంచకూడదు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు పట్టేస్తుంది, అది ప్రాణాంతకం. తినే తిండిలోనే చెంచాడు కలిపి, రెండు మూడు వారాల్లో మెల్లగా మార్చాలి. అప్పటికీ వద్దంటే తినేదే పెట్టి, ఫాస్ఫరస్‌ను పట్టే మందు అందులో కలపొచ్చేమో డాక్టర్‌ని అడగాలి. నెలకోసారి తూకం చూడండి. కండ తగ్గుతుంటే ప్రోటీన్ కాస్త ఎక్కువున్న రకానికి మారొచ్చు. ఖర్చు భారమైతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో కూడా చూపించండి. ఇంట్లోనే వండాలనుకుంటే కొలతలు డాక్టర్‌తో రాయించుకోవాలి, ఉజ్జాయింపుగా వద్దు.

తార్నాక తులసి:
నిన్న రాత్రి పౌచ్‌ను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, వాడు రోజూ తినే దాంట్లో ఒక చెంచా కలిపాను. గ్రేవీ అంతా నాకేసి, ముక్కలు వదిలేశాడు. పక్కనే చూస్తున్న నాన్న ఏమీ అనలేదు. ఫోర్క్ తెచ్చి, ఆ ముక్కలు మెత్తగా నలిపి, గిన్నెను ఒక పీట మీద ఎత్తుగా పెట్టారు. ఈసారి సగం తిన్నాడు.