డల్లాస్ పిల్లల క్లాసులు మార్చిలో గంట తేడా వస్తున్నాయి, ఆఫ్‌సెట్‌తో ఏం చేయాలి?

ప్రశ్న:
టీచర్లు హైదరాబాద్‌లో, పిల్లలు అమెరికాలో ఉండే తెలుగు క్లాసుల యాప్‌కి పైథాన్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్) రాస్తున్నాం. ప్రతి యూజర్‌కీ ఆఫ్‌సెట్, అంటే యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్‌తో తేడా, దాస్తున్నాం, డల్లాస్ అయితే -6:00. చలికాలంలో వాళ్ల శనివారం రాత్రి 8:30 క్లాస్ మనకి ఆదివారం పొద్దున 8:00కి సరిగ్గా వస్తోంది, కానీ మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపాక యాప్ ఇంకా 8:30 అనే చూపిస్తుంటే టీచర్ వచ్చేసరికి అక్కడ 9:30 అవుతోంది. నవంబర్ దాకా కోడ్‌లోనే గంట సర్దేస్తే సరిపోతుందా?

జవాబు:
వద్దండి. ఆఫ్‌సెట్ ఆ క్షణానికి యూటీసీతో తేడా ఎంతో చెబుతుంది తప్ప ఆ ఊరి రూల్ చెప్పదు. జనవరిలో డెన్వర్, ఫీనిక్స్ రెండూ -7:00. జులైలో డెన్వర్ -6:00కి మారుతుంది, ఫీనిక్స్‌లో గడియారం ముట్టుకోరు. మీ టేబుల్‌లో ఉన్నది -7:00 ఒక్కటే అయితే ఎవరికి గంట మార్చాలో ఎలా తెలుస్తుంది? టైమ్ జోన్ పేరే దాచండి, డల్లాస్‌కి ‘అమెరికా/షికాగో’ (రెండు ఊళ్లదీ ఒకే టైమ్), మనకి ‘ఏషియా/కోల్‌కతా’. ఈ పేర్లతో టైమ్ లెక్కగట్టే జోన్‌ఇన్ఫో లైబ్రరీ పైథాన్ 3.9 నుంచి దాంతోపాటే వస్తుంది.

ఇంకో జవాబు:
పై మాట కరెక్ట్. అలాగే ‘అన్నీ యూటీసీలో పెట్టెయ్’ అనే సలహా కూడా గుడ్డిగా పాటించకండి, లాగిన్, పేమెంట్ లాంటి జరిగిపోయినవాటికి అది బాగుంటుంది గానీ రాబోయే క్లాసులకి కాదు. మెక్సికోలో చాలా భాగం 2022లో డీఎస్‌టీ (వేసవికి గడియారం గంట ముందుకు జరపడం) ఎత్తేసింది, అంతకుముందే యూటీసీలో లెక్కగట్టి పెట్టుకున్న తర్వాతి ఏడాది వేసవి టైమ్‌లన్నీ ఒక్కసారిగా తప్పయ్యాయి. వారంలో ఏ రోజో, అక్కడి టైమ్, జోన్ పేరు దాచుకుని యూటీసీ లెక్క క్లాస్ దగ్గరపడ్డాక చేయండి, టీజెడ్ డేటా (ఏ జోన్‌లో గడియారం ఎప్పుడు మారుతుందో చెప్పే పట్టిక) అప్‌డేట్ చేస్తూ ఉండండి. పోస్ట్‌గ్రెస్‌లో ‘టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్’ అన్న కాలమ్ రకం పేరు చూసి జోన్ కూడా అందులో ఉంటుందనుకోవద్దు, అది క్షణాన్ని మాత్రమే ఉంచుతుంది, జోన్‌కి వేరే కాలమ్ కావాలి.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండి, థాంక్స్. మరి క్లాస్ ఎవరి జోన్‌కి కట్టాలి, పిల్లలదా, టీచర్‌దా?

జవాబు:
అది కోడ్‌లో తేలదు, టీచర్లని కూర్చోబెట్టి అడగండి. పిల్లల 8:30 కదలకూడదంటే మార్చి నుంచి టీచర్ పొద్దున 7:00కే కూర్చోవాలి, టీచర్ 8:00 కదలకూడదంటే పిల్లలకి రాత్రి 9:30, అప్పటికి చిన్నపిల్లలు నిద్రకి తూగుతుంటారు. నేనైతే పిల్లల వైపే ఉంటాను. ఒకే బ్యాచ్‌లో డల్లాస్, ఫీనిక్స్ పిల్లలు కలిసి ఉంటే మాత్రం ఎవరో ఒకరికి మారక తప్పదు, ఆ ఇంటికి వారం ముందే మెసేజ్ వెళ్లేలా చూడండి.