బంగారు లైకా కనిపించింది, కొనచ్చా? (పాత జర్మన్ రేంజ్‌ఫైండర్లు, అంటే రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసే కెమెరాలు)

పటమట కుర్రోడు
అందరికీ నమస్తే. వన్‌టౌన్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర బంగారు పూత పూసిన లైకా కెమెరా ఉంది. పైన డేగ బొమ్మ, జర్మన్ అక్షరాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటిదట. నలభై వేలు చెప్తున్నాడు. షోకేస్‌లో పెట్టడానికి కాదు, ఫిల్మ్ వేసి వాడాలని ఉంది. ఏమంటారు?

బ్రాడీపేట వాసి
ఆగు తమ్ముడూ, జేబులోంచి చెయ్యి బయటికి తీయకు. బంగారు రంగూ డేగ బొమ్మా కలిసి కనిపించాయంటే అది దాదాపుగా సోవియట్ సరుకే. ఖార్కివ్‌లో 1934 నుంచి ఫెడ్, క్రాస్నోగోర్స్క్‌లో 1948 నుంచి జోర్కి అనే కెమెరాలు తయారయ్యాయి. రెండూ లైకా IIకి నకళ్లు. తర్వాత కొందరు వాటి పేరు చెరిపేసి, లైకా అని చెక్కి, పూత పూసి అమ్మడం మొదలెట్టారు. లైకా సొంతూరు వెట్జ్‌లార్‌లో 1930 ప్రాంతంలో బంగారు పూత మోడల్ నిజంగానే చేశారు, కానీ అతి కొద్ది. అవి వేలంపాటల్లో దొరుకుతాయి, వన్‌టౌన్‌లో కాదు.

లెన్స్ విప్పి చూపించమను. లోపల పైభాగంలో, ఫోకస్ తిప్పితే కదిలే చిన్న మీట ఉంటుంది. లైకాలో దాని చివర గుండ్రటి చక్రం ఉంటుంది, వేలితో తాకితే తిరుగుతుంది. ఫెడ్, పాత జోర్కిల్లో చక్రం ఉండదు, కోసుగా ఉన్న లోహపు ముక్క ఉంటుంది. విప్పనంటే టీ తాగి వచ్చెయ్.

పటమట కుర్రోడు
విప్పించాను అన్నా. చక్రం లేదు. నేనేమీ అనకముందే ముప్పైకి దిగాడు, మెట్లు దిగేసరికి పన్నెండు!

కృష్ణలంక రాజు
హహ. ఇంకో రెండు మెట్లు దిగాల్సింది. జోర్కి చెడ్డ కెమెరా ఏం కాదులే, జోర్కి ధరకి వస్తే.

అరండల్‌పేట స్టూడియో
బాబూ, వాడటానికే అయితే లైకా పేరు కాసేపు పక్కన పెట్టు. రెటీనా IIIసీ అనే కెమెరా చూడు. పేరు కొడాక్‌దే అయినా తయారైంది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, 1954 నుంచి. ష్నైడర్ జెనాన్ ఎఫ్2 లెన్స్, మడిస్తే చేతిలో ఇమిడిపోతుంది. ఇది పాడైపోయిందని అమ్మేస్తుంటారు. నిజానికి దాని ఫొటోల కౌంటర్ వెనక్కి లెక్కపెడుతుంది. 1కి రాగానే ఫిల్మ్ తిప్పే మీట బిగుసుకుపోతుంది. కౌంటర్‌ని మళ్లీ సెట్ చేస్తే మామూలైపోతుంది. మూసేముందు ఫోకస్ ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరం) మీద ఉండాలి, లేకపోతే మూత పడదు. బలవంతం చేయకు.

బ్రాడీపేట వాసి
రెటీనా గురించి సార్ చెప్పింది నిజమే, కానీ నేను నా లైకా IIIఎఫ్ వదలను. ఆ షట్టర్ చప్పుడు విన్నాక వేరేది చేతికి ఎక్కదు. రెండు కిటికీలు: ఒకదాంట్లో ఫోకస్, పక్కదాంట్లో ఫ్రేము. మొదట్లో చిరాకేస్తుంది, అలవాటైతే చెయ్యి దానంతట అదే పోతుంది. ఫిల్మ్ కింద నుంచి ఎక్కించాలి కాబట్టి మొన కత్తిరించుకోవాలి, సగం వెడల్పున దాదాపు 10 సెంటీమీటర్ల దాకా. కత్తిరించకుండా తోస్తే ఫిల్మ్ చిరిగి ముక్కలు షట్టర్‌లో ఇరుక్కుంటాయి. ఎక్కించాక ఒక్కసారి వైండ్ చేసి, రివైండ్ నాబ్ తిరుగుతోందా చూడు. తిరగలేదంటే ఫిల్మ్ కదల్లేదన్నమాట.

సీతానగరం గట్టు
ఒక హెచ్చరిక, ఇది మన ఎండకి ముఖ్యం. ఇలాంటి లైకాల్లో అద్దం ఉండదు, గుడ్డ షట్టర్ ఉంటుంది. క్యాప్ పెట్టకుండా సూర్యుడి వైపు మెడలో వేలాడదీస్తే లెన్స్ ఆ వెలుతురుని గుడ్డ మీద కేంద్రీకరించి చిల్లు పెట్టేస్తుంది. తర్వాత ప్రతి నెగటివ్‌లో నల్లటి చుక్క. బ్యారేజీ మీద మధ్యాహ్నం తిరిగేవాళ్లు క్యాప్ మరిచిపోవద్దు. రెటీనాకి ఈ బెడద లేదు, దాన్ది లెన్స్‌లోనే ఉండే లోహపు ఆకుల షట్టర్.

కొనేముందు రేంజ్‌ఫైండర్ చూడాలంటే మా గట్టు మీదికి రండి. నది అవతల కనకదుర్గమ్మ గుడి గోపురం మీద ఫోకస్ పెట్టి లెన్స్ ఇన్ఫినిటీకి తిప్పితే రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. పక్కకో పైకో జరిగి ఉంటే సర్దాల్సి ఉందన్నమాట, ధర తగ్గించి అడగండి.

కృష్ణలంక రాజు
లోపల టార్చ్ వేసి చూడటం కూడా మరవకు. ఫంగస్ ఉంటే సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది. తోలు కేసులో అస్సలు పెట్టకండి, మన తేమకి ఫంగస్ పుట్టేది అందులోనే. గాలి చొరని డబ్బా, సిలికా జెల్ చాలు. వెలుతురు కొలిచే మీటర్ లేదని టెన్షన్ పడక్కర్లేదు, ISO 400 ఫిల్మ్‌కి మండుటెండలో లెన్స్ ఎఫ్16, షట్టర్ 1/500 సెకను.

తెనాలి పద్మ
మండుటెండలో తీస్తే మనుషుల కళ్ల కింద నీడలు నల్లగా పడతాయి రాజు గారూ. ఆ వేళ ముఖాలు తీయాలంటే ఒకటో రెండో స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఇవ్వాల్సిందే. నేనైతే అసలు తీయను, నాలుగింటి దాకా ఆగుతాను.

నాదొక సందేహం. ఒక ల్యాబ్‌కి ఇస్తే నెగటివ్‌ల నిండా గీతలు. ఇక ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ డెవలప్ చేసుకుందామంటే మేలో ట్యాంకు నీళ్లు కాలిపోతున్నాయి. డెవలపర్‌ని 20 డిగ్రీలకి ఎలా తేవడం?

అరండల్‌పేట స్టూడియో
అమ్మా, డెవలపర్ సీసాని ఐసు నీళ్ల తొట్టిలో నిలబెట్టి థర్మామీటర్ చూస్తూ ఉండండి. ఐసు నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, పలచబడిపోతుంది. ఫిక్సరూ, కడిగే నీళ్లూ కూడా అదే తొట్టిలో పెట్టండి. చల్లటి డెవలపర్‌లోంచి తీసి వేడి కుళాయి కింద పెడితే ఫిల్మ్ మీది ఎమల్షన్ పూత ముడతలు పడుతుంది. 20కి రాకపోతే 24 దగ్గర ఆపి టైం తగ్గించుకోండి, చార్టులు ఉన్నాయి. ఐదు నిమిషాల కంటే తక్కువకి మాత్రం దిగకండి, మచ్చలు మచ్చలుగా వస్తుంది.

తెనాలి పద్మ
థాంక్స్ సార్. ఐసు క్యూబులు చాలవేమో, సోడా బండాయన్ని ఒక దిమ్మ అడుగుతాను.