వరూధిని: పేరు పుట్టుక, వాడుక, అక్షరం

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. మా అబ్బాయికి ఆడపిల్ల పుట్టింది. మా అత్తగారి పేరు వరూధిని. ఆ పేరే మనవరాలికి పెట్టాలని మావారి కోరిక. కోడలికి పేరు వినడానికి బాగానే ఉంది గాని, నిఘంటువులో 'సేన' అని అర్థం కనబడేసరికి ఆడపిల్లకు సేన అని పేరేమిటని సందేహపడుతోంది. మా ఆడపడుచుగారు మరొక అభ్యంతరం చెప్తున్నారు. మనుచరిత్ర కావ్యంలో వరూధిని కోరుకున్నవాడు దక్కక కన్నీళ్లు పెట్టుకున్నది కదా, ఆ పేరు పిల్లకెందుకని ఆమె మాట. అసలీ పేరు ఎక్కడిది? మా అత్తగారి తరంలో అంతో ఇంతో వినబడినది ఇప్పుడెందుకు వినబడడం లేదు? ధ రాయాలా, థ రాయాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు

అమ్మా, నమస్కారం. ముందుగా కోడలిగారి సందేహం. నిఘంటువు చెప్పినది నిజమే. అమరకోశం క్షత్రియవర్గంలో సేనకు పర్యాయపదాలు చెప్పే శ్లోకంలో ధ్వజినీ, వాహినీ, సేనా, పృతనా, అనీకినీ, చమూః అన్న తరువాత వరూథినీ అన్న మాట వస్తుంది. ఆ వర్గంలోనే 'రథగుప్తిర్వరూథః' అని ఉంది. రథానికి దెబ్బ తగలకుండా చుట్టూ కట్టే రక్షణకవచం వరూథం. ఆవరించడం, కప్పడం అనే అర్థం గల 'వృ' ధాతువు దీనికి మూలం. వేదంలో వరూథమంటే కాపు, ఆశ్రయం. ఋగ్వేదంలో అగ్నిని 'శివో భవా వరూథ్యః' అని ప్రార్థించే చోట, మాకు మేలు చేస్తూ నీడగా ఉండమనే భావం. కనుక వరూథం కలది వరూథిని, అంటే రక్షణ గలది. కవచాలు తొడిగిన రథాల బలగం కాబట్టి సేనకు ఆ పేరు వచ్చింది.

కాళిదాసు రఘువంశం పన్నెండో సర్గలో ఖరదూషణాదుల సైన్యం రాముడి బాణాలకు నేలకూలినప్పుడు 'అప్రబోధాయ సుష్వాప గృధ్రచ్ఛాయే వరూథినీ' అంటాడు. ఆ సేన గద్దల రెక్కల నీడలో మళ్లీ మేలుకోని నిద్ర పోయిందట. సంస్కృతంలో సేనావాచకాలు చాలా వరకు స్త్రీలింగాలే కావడం వల్ల నిద్రపోతున్న స్త్రీ రూపం ఆ వాక్యంలోకి తనంత తానే వచ్చింది. సేన అన్న అర్థం ఆడపిల్ల పేరుకు అడ్డు కాదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణలు కూడా ఉన్నాయి. సుబ్రహ్మణ్యస్వామి దేవేరి పేరు దేవసేన. అమరంలోని ఆ వరుసలోనే ఉన్న వాహినిని మన ఇళ్లలో నదిగా తలచుకొని నిస్సంకోచంగా పెట్టుకుంటున్నాం.

అప్సరస పేరుగా వరూధిని, మనుచరిత్ర రాసిన పెద్దన సృష్టి కాదు. మహాభారతం వనపర్వంలో అర్జునుడు ఇంద్రలోకానికి వెళ్లినప్పుడు అక్కడ నాట్యమాడిన అప్సరసల పట్టికలో ఘృతాచి, మేనక, రంభ, ఊర్వశి మొదలైన వారితో పాటు ఈమె పేరు కూడా ఉంది. అక్కడ అది పేరు మాత్రమే. కథ మార్కండేయపురాణంలో ఉంది. అరుణాస్పద పురవాసి అయిన ఒక బ్రాహ్మణుడు, హిమవత్పర్వతం, వరూథిని, అతని రూపు ధరించి వచ్చిన గంధర్వుడు, వారికి పుట్టిన స్వరోచి, అతని కుమారుడైన స్వారోచిష మనువు అన్నవన్నీ పురాణంలోనివే. తమాషా ఏమిటంటే, సంస్కృత పురాణంలో ఆ బ్రాహ్మణుడు కేవలం 'ద్విజాతిప్రవరుడు', అంటే బ్రాహ్మణశ్రేష్ఠుడు. ఆ విశేషణమే తెలుగులో ప్రవరుడనే పేరుగా స్థిరపడింది. నాయికకు మాత్రం మొదటినుంచీ సొంత పేరు ఉంది.

తెలుగువారికి ఆ పేరు చెవిన పడేటట్లు చేసినవాడు మాత్రం నిస్సందేహంగా అల్లసాని పెద్దన. 1509 నుంచి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో, మనుచరిత్ర అని మనం పిలుచుకునే ఆరు ఆశ్వాసాల స్వారోచిష మనుసంభవాన్ని ఆయన రచించాడు. పేరు ప్రకారం అది మనువు పుట్టుక కథ. కాని మనుచరిత్ర అనగానే మనువును తలచుకునేవారు ఎవరూ లేరు. ద్వితీయాశ్వాసంలో, తనను హిమాలయానికి చేర్చిన కాలి పసరు మంచుకు కరిగిపోయి ఇంటి దారి తెలియక తిరుగుతున్న ప్రవరుడికి కస్తూరి, కర్పూరం, తాంబూలం కలిసిన పరిమళం గాలిలో తేలివస్తుంది. ఆ జాడ పట్టి వెళ్లి అతడు ఆమెను చూసి, 'ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ' అని అడుగుతూనే 'భూసురుఁడ నేఁ బ్రవరాఖ్యుఁడ' అని తన పేరు చెప్పుకుంటాడు. ఆమె వెంటనే పేరు చెప్పదు. 'ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు భూసురేంద్ర' అని ఎత్తిపొడిచి, ఏకాంతంలో ఉన్న ఆడవాళ్లను పలకరించడానికి దారి అడగడం ఒక నెపం కాదా అని నిలదీసి, ఆ తరువాత కంద పద్యంలో 'పేరు వరూధిని' అని ఆరంభిస్తుంది. తెలుగు సాహిత్యంలో ఒక స్త్రీ ఇంత సూటిగా తన పేరుతో వాక్యం మొదలుపెట్టిన సందర్భాలు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

ఆ కందంలోనే ఆమె తన ప్రాణసఖుల పేర్లు కూడా చెప్తుంది. ఘృతాచి, తిలోత్తమ, హరిణి, హేమ, రంభ, శశిరేఖ. ఐదు వందల ఏళ్ల తరువాత ఈ స్నేహితురాళ్లలో ఎవరి పేరు ఎలా బతికిందో చూస్తే, పేర్ల వాడుక అర్థాన్ని బట్టి నడవదని తెలుస్తుంది. హేమ పొట్టిగా, బంగారమని అర్థమిస్తూ ఇరవయ్యో శతాబ్దమంతా నిలిచింది. హరిణి ఈ తరంలోనూ బాగానే వినబడుతోంది, అది అప్సరస పేరని ఎవరికీ పట్టదు. శశిరేఖకు 1957 నాటి మాయాబజార్ పుణ్యమా అని అప్సరస వాసన పూర్తిగా పోయి, బలరాముడి కూతురి ముద్ర పడింది. తిలోత్తమలు పాత తరంలో అక్కడక్కడా ఉండేవారు. రంభ, 'తనేదో పెద్ద రంభననుకుంటోంది' అన్న దెప్పిపొడుపుకు పోయింది. ఘృతాచి పేరు పెట్టినవారిని నేను ఎరగను, నేతి వాసన వచ్చే పేరు కనుక ముందు ముందు కూడా ఎవరూ పెట్టరేమో.

ఈ వరుసలో వరూధినిది విడి దారి, ఎందుకంటే ఆ పేరు ఒకే ఒక్క కథకు కట్టుబడి ఉంది. ఊర్వశి అంటే పురూరవుడు గుర్తుకు రాకపోయినా ఫరవాలేదు, వరూధిని అనగానే ప్రవరుడు పక్కన వచ్చి నిలబడతాడు. సీతమ్మ, అచ్చమ్మ, వెంకమ్మ, లక్ష్మమ్మ అని ఇంటి దేవతల పేర్లో, ఇంటి పెద్దల పేర్లో పెట్టుకునే కాలంలో ప్రబంధనాయికల పేర్లకు చోటే లేదు. పంతొమ్మిదో శతాబ్దిలో మనుచరిత్ర అచ్చులోకి వచ్చి, బళ్లలో, కళాశాలల్లో పాఠ్యమై, పద్యాలు కంఠస్థం చేసినవారు ఇంటింటా తయారైన తరువాతనే సాహిత్యం మీద మక్కువ గల కుటుంబాలు ఈ పేరు పెట్టుకోవడం మొదలైందని అనుకుంటాను. కొడవటిగంటి కుటుంబరావుగారి సతీమణి పేరు వరూధిని కావడం మనలో చాలామందికి తెలిసినదే. 1940లలో మనుచరిత్ర కథతో వరూధిని పేరుమీదనే ఒక చలనచిత్రం వచ్చింది, ఎస్.వి. రంగారావు తొలిసారి తెర మీద కనిపించినది అందులో ప్రవరుడిగానే. ఆ కాలానికి సరోజిని, నళిని, కుముదిని, మందాకిని, సౌదామిని, కాదంబిని వంటి 'ఇని' చివర గల పేర్లకు గౌరవం ఉండేది. మీ అత్తగారికి ఆ పేరు పెట్టినవారు కావ్యాన్ని తలచుకున్నారో, ఆ మోజునే అనుసరించారో చెప్పలేం గాని, రెండూ ఆ రోజుల్లో ఒకే ఇంట్లో ఉండగలిగేవి.

తరువాత సునీత, అనిత, కవిత వంటి మూడక్షరాల పేర్లు వచ్చాయి, ఆ వెనుక మౌనిక, దీపిక, ప్రియాంక వచ్చాయి. నాలుగక్షరాల పేరు, అందులో దీర్ఘం, ఒత్తక్షరం, పిలవడానికి కుదించుకోవాలన్నా 'వరూ' అనడం తప్ప దారి లేదు. జన్మనక్షత్రాన్ని బట్టి అక్షరం చూసుకునే ఇళ్లలో ఓ, వా, వీ, వూ రోహిణి పాదాలకు వస్తాయి. వకారంతో వాణి, వనజ, వసంత, వరలక్ష్మి, వందన వంటి తేలికైన పేర్లు సిద్ధంగా ఉండగా వరూధిని వైపు చూసేవారు తగ్గారు. అన్నింటికన్నా పెద్ద కారణం మాత్రం మీ ఆడపడుచుగారు చెప్పినదే. ఏ కథ ఆ పేరును తెలుగు ఇళ్లకు తెచ్చిందో, ఆ కథే దానిని గుమ్మం దగ్గర ఆపింది. పద్యాలు ఇష్టపడి చదివిన తండ్రికి ముద్దొచ్చిన పేరే, బంధువుల దగ్గరకు వచ్చేసరికి 'తిరస్కరించబడిన అప్సరస' అయ్యేది.

ఆ అభ్యంతరం మీద నాకు గౌరవం తక్కువ. విరహం, భంగపాటు ఉన్న పేర్లు వద్దనుకుంటే సీత, శకుంతల, దమయంతి, రాధ ఎవరూ మిగలరు. పైగా పెద్దన వరూధినిని పరిహాసపాత్రగా చేయలేదు. ఆమె మాటకు మాట చెప్తుంది, తర్కిస్తుంది, తోసివేసినప్పుడు ఏడుస్తుంది. లోకం నవ్వుకున్నది ప్రవరుడిని చూసి. ఆడవారి వైపు కన్నెత్తి చూడనివాడిని, లేదా చూడనట్లు నటించేవాడిని 'వాడో పెద్ద ప్రవరాఖ్యుడు' అనడం ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రవరాఖ్యుడంటే ప్రవరుడనే పేరు గలవాడని మాత్రమే అర్థం, పద్యంలో అతడు తనను తాను పరిచయం చేసుకున్న మాటనే జనం అతని పేరుగా చేసి, చివరకు జాతివాచకంగా మార్చారు. ఇద్దరూ ఒకే సన్నివేశంలో పేర్లు చెప్పుకున్నారు. ఒకరిది వెటకారమైంది, మరొకరిది పేరుగానే మిగిలింది.

ఈ మధ్య పేరు కాస్త మళ్లీ వినబడడానికి కారణం టెలివిజన్. 2010లలో జీ తెలుగులో వరూధిని పరిణయం అనే ధారావాహిక వచ్చింది. ప్రబంధంలో ప్రవరుడితో ఆమెకు జరగనిది ఆ పరిణయమే కనుక ఆ శీర్షిక విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. కాని ఆ ధారావాహిక చూసిన పిల్లలకు వరూధిని అంటే అప్సరస కాదు, ఒక అమ్మాయి. ఇక చైత్ర బహుళ ఏకాదశికి వరూధిని ఏకాదశి అని పేరుంది. అక్కడ మాటకు మూలార్థం, అంటే కాపాడేదన్న భావం, నిలిచి ఉంది. మీ కోడలిగారికి సేన అన్న అర్థం రుచించకపోతే ఈ ఏకాదశిని చూపించవచ్చు.

మరొక సభ్యుడి వ్యాఖ్య

అయ్యా, మీరే సంస్కృతంలో వరూథినీ అని థకారంతో ఉదహరించి, తెలుగులో వరూధిని అని ధకారం రాస్తున్నారు. కథను కధ అని రాస్తే తప్పంటాం కదా, ఇది ఎలా ఒప్పవుతుంది?

జవాబు

మీ ప్రశ్న న్యాయమైనది. తత్సమంగా రాయదలిస్తే వరూథిని సాధువు, అందులో వాదన లేదు. కాని తెలుగు నోట రెండు అచ్చుల మధ్య థకారం దాదాపు ఎప్పుడూ ధకారంగానే పలుకుతుంది. కథ, రథం, పథకం అని రాసి కధ, రధం, పధకం అనే అంటాం. రాతలో ఈ రెండు అక్షరాలకు తేడా దకారం కడుపులో చుక్కా, కింద చిన్న గీతా అన్నంత మాత్రమే కావడం వల్ల తాళపత్రాల్లో ఒకటి మరొకటిగా మారడం సర్వసాధారణం. అర్థం, అర్ధం వంటి చోట్ల అక్షరం మారితే మాటే మారిపోతుంది కనుక పట్టుబట్టవలసిందే. వరూధిని అనే వేరే మాట ఏదీ లేదు కనుక ఇక్కడ అయోమయానికి తావు లేదు. మనుషుల పేరుగా తరతరాలుగా ధకారంతోనే స్థిరపడింది, దానిని ఇప్పుడు దిద్దితే పెద్దావిడ పేరొకటి, మనవరాలి పేరొకటి అవుతుంది. సేన అనే అర్థంలో వాడినప్పుడు థకారం, మనిషి పేరుగా వాడినప్పుడు ధకారం రాయడం నా పద్ధతి.

నా పట్టుదల అంతా రెండో అక్షరం మీద. ఈ మధ్య చాలాచోట్ల వరుధిని అని హ్రస్వంతో రాస్తున్నారు, అలాగే పలుకుతున్నారు. ఇది మాత్రం ఒప్పుకోదగినది కాదు. 'పేరు వరూధిని విప్రకు' అన్న కంద పాదంలో 'పేరువ', 'రూధిని', 'విప్రకు' అని మూడూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు), మొత్తం పన్నెండు మాత్రలు. రూ హ్రస్వమైతే నడిమి గణం మూడు మాత్రల నగణమై పోతుంది, కందంలో దానికి చోటు లేదు. పెద్దన పద్యమే ఇక్కడ సాక్ష్యం.

ప్రశ్న అడిగిన అమ్మకు ఒక చిన్న సూచన. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక్క 'యు' పెడితే బడిలో వరుధిని అనే పిలుస్తారు, రెండు 'ఓ'లు పెడితే దీర్ఘం కొంతవరకు నిలుస్తుంది. మూడో అక్షరం దగ్గర 'డి' పక్కన 'హెచ్' తప్పక ఉండాలి. ఇంట్లో ఏకాభిప్రాయం కుదరకపోతే బారసాల రోజుకే జనన ధ్రువీకరణ పత్రంలో పేరు ఎక్కించాలన్న తొందర లేదు. పేరు లేకుండా జననం నమోదు చేయించి, పన్నెండు నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకునే వీలు చట్టంలో ఉంది.