గానిమీడ్ బుధుడి కంటే పెద్దదైనప్పుడు దానిని గ్రహమని ఎందుకు అనరు?

ప్రశ్న

మా అమ్మాయి ఆరవ తరగతి చదువుతోంది. నక్షత్రం అన్నిటికంటే పెద్దది, గ్రహం దానికంటే చిన్నది, ఉపగ్రహం ఇంకా చిన్నది అని నోటుపుస్తకంలో రాసుకుంది. అయితే గురుడి ఉపగ్రహమైన గానిమీడ్ వ్యాసం సుమారు 5,268 కిలోమీటర్లు, శని ఉపగ్రహమైన టైటాన్ వ్యాసం 5,150 కిలోమీటర్లు ఉండగా, బుధుడి వ్యాసం 4,879 కిలోమీటర్లే. అలాంటప్పుడు ఈ మూడింటినీ వేరు చేసేది ఏమిటి? గురుడు కూడా సూర్యుడిలాగే ప్రధానంగా హైడ్రోజన్, హీలియంలతో ఏర్పడినవాడే కదా, అతడు నక్షత్రం ఎందుకు కాలేదు?

మొదటి సమాధానం

ఈ మూడు పేర్లూ పరిమాణాన్ని బట్టి పెట్టినవి కావండీ. నక్షత్రాన్ని గుర్తించేది దాని గర్భంలో జరిగే పనిని బట్టి. సూర్యుడి కేంద్రంలో ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు ఉంటుంది. అక్కడ హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారుతూ ఉంటాయి, ఆ క్రమంలో సెకనుకు దాదాపు 40 లక్షల టన్నుల ద్రవ్యం శక్తిగా మారిపోతుంది. గ్రహాలకూ ఉపగ్రహాలకూ ఇటువంటి కొలిమి లేదు కనుక అవి సూర్యకాంతిని ప్రతిఫలింపజేయడం వల్లనే మనకు కనిపిస్తాయి.

ఉపగ్రహాన్ని నిర్ణయించేది అది ఎవరి చుట్టూ తిరుగుతోందన్న విషయం మాత్రమే. మేనమామ కంటే మేనల్లుడు పొడుగ్గా ఎదిగినంత మాత్రాన వరస మారదు కదా! గానిమీడ్ గురుడి చుట్టూ తిరుగుతున్నంత కాలం ఉపగ్రహమే, సూర్యుడి చుట్టూ నేరుగా తిరిగి ఉంటే గ్రహమయ్యేది.

రెండవ సమాధానం

పై వివరణకు ఒక సవరణ అవసరం. 2006లో ప్రాగ్ నగరంలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య గ్రహానికి మూడు షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వం వల్ల గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాలలో తనతో పోల్చదగిన ఇతర వస్తువులు లేకుండా ఆధిపత్యం సాధించి ఉండాలి. ఈ మూడవ షరతు నెరవేరడానికి కావలసిన ద్రవ్యరాశి సూర్యుడి నుండి దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది. కనుక బుధుడి స్థానంలో ఉంచితే గానిమీడ్ గ్రహమనిపించుకోవచ్చు గానీ, ప్లూటో ఉన్న దూరంలో ఉంచితే బహుశా మరుగుజ్జు గ్రహంగానే (మొదటి రెండు షరతులు నెరవేరినా మూడవది నెరవేరనిదిగా) మిగిలిపోతుంది.

వ్యాసాలను మాత్రమే పోల్చడం కూడా తప్పుదోవ పట్టిస్తుంది. గానిమీడ్ చూడడానికి పెద్దదే అయినా, దాదాపు సగం మంచు, సగం రాయి. బుధుడి లోపల మాత్రం వ్యాసార్ధంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఇనుప గర్భమే ఆక్రమించి ఉంది. అందువల్ల బుధుడి ద్రవ్యరాశి గానిమీడ్ ద్రవ్యరాశికి రెండు రెట్ల కంటే ఎక్కువ. మరోవైపు, గ్రహమైన బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణమే లేదు. ఉపగ్రహమైన టైటాన్ ఉపరితలం మీద మాత్రం గాలి పీడనం భూమి మీది కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఆ గాలి ఉండబట్టే 2005 జనవరి 14న హైగెన్స్ అనే అంతరిక్ష నౌక పారాచూట్ల సాయంతో అక్కడ దిగగలిగింది.

ఉపగ్రహమన్న పేరు పుట్టుకను కూడా తెలపదు. గానిమీడ్ గురుడి చుట్టూ పరచుకున్న ధూళి, వాయువుల పళ్లెంలో రూపొందింది. మన చంద్రుడు భూమిని మరో పెద్ద గోళం ఢీకొన్నప్పుడు ఎగసిన శకలాల నుండి ఏర్పడ్డాడని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. నెప్ట్యూన్ చుట్టూ ఎదురు దిశలో తిరుగుతున్న ట్రైటన్ ఎక్కడి నుండో వచ్చి ఆ గ్రహానికి చిక్కినదని భావిస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. పరిమాణం సంగతి స్పష్టమైంది. గురుడి విషయం కూడా ఎవరైనా వివరించగలరా?

మూడవ సమాధానం

పదార్థం ఒకటే అయినా మోతాదు చాలలేదు. హైడ్రోజన్ సంలీనం, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారడం, నిలకడగా సాగాలంటే, గర్భాన్ని తగినంత వేడిగా, ఒత్తిడిలో ఉంచేందుకు గురుడికి సుమారు 80 రెట్ల ద్రవ్యరాశి కావాలి. గురుడు భూమికి 318 రెట్లు బరువైనవాడు, మిగిలిన గ్రహాలన్నీ కలిపినా అతడిలో సగం కూడా కావు. అంటే సౌర కుటుంబంలోని గ్రహాలన్నిటినీ ఒకచోట పోసినా రెండో సూర్యుడు తయారుకాడు. అందుకే గురుడిని ‘విఫలమైన నక్షత్రం’ అని వర్ణించడం నాకు అతిశయోక్తిగానే అనిపిస్తుంది. సూర్యుడి నుండి అందుకునే దానికంటే గురుడు ఎక్కువ వేడిని వెలువరించే మాట నిజమే, కానీ అది పుట్టుకనాటి వేడి, నెమ్మదిగా కుంచించుకుపోవడం వల్ల కలిగే వేడి.

ఇక్కడ కూడా వ్యాసం మోసం చేస్తుంది. మనకు దాదాపు 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం వెడల్పులో గురుడి కంటే కొంచెమే పెద్దది, ద్రవ్యరాశిలో మాత్రం 90 రెట్లకు పైగా ఉంటుంది. ఆ చిన్న నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలు తిరుగుతున్నాయి.

నాల్గవ సమాధానం

పాపకు పట్టికల కంటే ఆకాశమే చూపించండి. నక్షత్రాలు చుక్కలంత చిన్నగా కనిపిస్తాయి కనుక గాలి కదలికలకు మిణుకుమిణుకుమంటాయి. గురుడు చిన్న బిళ్లగా కనిపిస్తాడు కనుక అతడి వెలుగు చాలావరకు నిలకడగా ఉంటుంది. మామూలు బైనాక్యులర్‌ను చేతులు వణకకుండా పిట్టగోడ మీద ఆనించి చూస్తే, గురుడికి అటూ ఇటూ ఒకే వరుసలో కొన్ని సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి గురుడి ఉపగ్రహాలు, 1610 జనవరిలో గెలీలియో గుర్తించినవి ఇవే. వాటిలో గురుడికి బాగా దగ్గరగా ఉండే అయో గురుడి వెలుగులో కలిసిపోవచ్చు, గానిమీడ్, కాలిస్టో సులువుగా దొరుకుతాయి. గానిమీడ్ సుమారు ఏడు రోజులకు ఒక చుట్టు పూర్తిచేస్తుంది కాబట్టి వరుసగా వారం రోజులు చుక్కల స్థానాలను కాగితం మీద గీయిస్తే, ఏది దేని చుట్టూ తిరుగుతోందో పాప తానే తేల్చుకుంటుంది. బైనాక్యులర్‌ను సూర్యుడి వైపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పనివ్వకండి.