రాక్సెట్: కాకి వాలినందుకే తాటిపండు పడిందా?

పాతక్యాసెట్

మొన్న అటక మీద పెట్టె దింపితే 'జాయ్‌రైడ్' క్యాసెట్ దొరికింది. రీలు బూజు పట్టి వినడానికి పనికిరాలేదు కానీ, ఎప్పటినుంచో మనసులో ఉన్న ఒక వాదన మాత్రం మళ్ళీ లేచింది. ఇక్కడ పెడుతున్నా, తిట్టదలచినవాళ్ళు తిట్టండి.

తెలియనివాళ్ళకి ముందు కథ చెప్తాను. రాక్సెట్ అంటే ఇద్దరున్న పాప్ బృందం, పేర్ గెస్లె, మారీ ఫ్రెడ్రిక్సన్. స్వీడన్ పడమటి తీరంలో హాల్మ్‌స్టాడ్ అనే ఊళ్ళో కలిసినవాళ్ళు. 1988 అక్టోబర్‌లో వాళ్ళ రెండో ఆల్బమ్ 'లుక్ షార్ప్' వచ్చింది, సొంత దేశంలో దుమ్ము రేపింది. ఈఎమ్‌ఐ (బ్యాంకు వాయిదా కాదు బాబూ, రికార్డుల కంపెనీ) అమెరికా శాఖ మాత్రం ఇది మా జనానికి ఎక్కదని పక్కన పడేసింది. సరిగ్గా ఆ టైంలో స్వీడన్‌లో చదువుకుంటున్న ఒక అమెరికన్ కుర్రాడు సెలవులకి మినియాపొలిస్‌లోని ఇంటికి వెళ్తూ ఆ ఆల్బమ్ వెంట తీసుకెళ్ళాడు. అక్కడి కేడీడబ్ల్యూబీ రేడియో స్టేషన్‌కి ఇచ్చి 'ద లుక్' వెయ్యమన్నాడు. వాళ్ళు వేశారు. వినేవాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. పక్క ఊళ్ళ స్టేషన్లు కాపీలు తెప్పించుకున్నాయి. కంపెనీ ఇంకా రికార్డు బయటికి తేకముందే పాట ఊళ్ళు తిరిగేసింది. 1989 ఏప్రిల్ 8న బిల్‌బోర్డ్ అనే అమెరికా హిట్ పాటల పట్టికలో నంబర్ వన్!

ఆ కుర్రాడు సూట్‌కేసులో ఇంకో చొక్కా పెట్టుకుని ఆల్బమ్ వదిలేసి ఉంటే రాక్సెట్ పేరు మనకి తెలిసేది కాదు. స్వీడన్‌లో పేరున్న జంటగా మిగిలిపోయేవాళ్ళు. నా లెక్కలో ఇది కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. వాళ్ళు మంచి పాటలు చేయలేదని అనడం లేదు. అలాంటి పాటలు ఏటా వందలు వస్తాయి, విమానం ఎక్కేది ఒకటే అంటున్నాను.

లెక్కలపంతులు

పాతక్యాసెట్ గారూ, ఉపమానం బాగుంది, లెక్కే కుదరలేదు. కాకి ఒకసారి వాలింది. పండ్లు నాలుగు పడ్డాయి.

1989 ఏప్రిల్‌లో 'ద లుక్', అదే ఏడాది నవంబర్‌లో 'లిజన్ టు యువర్ హార్ట్', 1990 జూన్‌లో 'ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్', 1991 మేలో 'జాయ్‌రైడ్'. నాలుగూ అమెరికాలో నంబర్ వన్. మధ్యలో 'డేంజరస్', తర్వాత 'ఫేడింగ్ లైక్ ఎ ఫ్లవర్' రెండో స్థానం దాకా వెళ్ళి ఆగాయి. రెండేళ్ళ చిల్లరలో ఇన్ని! ప్రపంచాన్నంతా ఊపిన 'అబ్బా' అనే స్వీడిష్ బృందానికి అమెరికాలో ఎన్ని నంబర్ వన్‌లు? ఒక్కటి. 1977లో 'డాన్సింగ్ క్వీన్', అంతే. 'యూరప్' అనే ఇంకో స్వీడిష్ బ్యాండ్ పాడిన 'ద ఫైనల్ కౌంట్‌డౌన్' అక్కడ ఎనిమిదో స్థానం దగ్గరే ఆగింది.

మొదటిది అదృష్టం అనుకుందాం. మిగతా మూడింటికీ ఏ కుర్రాడు సూట్‌కేసు మోశాడు?

(సందర్భం కాకపోయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. అబ్బా బ్రైటన్‌లో యూరోవిజన్ (యూరప్ దేశాల పాటల పోటీ) గెలిచింది 1974 ఏప్రిల్ 6న. అదే తేదీ గల బిల్‌బోర్డ్ పట్టికలో నంబర్ వన్ ఎవరిదో తెలుసా? బ్లూ స్వీడ్ అనే ఇంకో స్వీడిష్ బృందానిది! అమెరికాలో ఆ స్థానం తాకిన మొదటి స్వీడిష్ బృందం వాళ్ళే. ఈరోజు వాళ్ళ పేరు ఎంతమందికి గుర్తుంది?)

సందేహాలసుబ్బు

మాస్టారూ, బ్రాకెట్లో రాసింది మీ వాదనకే అడ్డం తిరిగింది చూసుకున్నారా? నంబర్ వన్ కొట్టిన బ్లూ స్వీడ్ మాయమైంది, అమెరికాలో అప్పటికి ఎవరికీ తెలియని అబ్బా మిగిలింది. అంటే పట్టికలో స్థానం సత్తాకి కొలత కాదన్నమాట.

పైగా మీ మూడో పండు సినిమా చెట్టుది. 'ప్రెటీ ఉమన్' అంత ఆడకపోతే ఆ పాట ఎక్కడుండేది?

ఉత్తరధ్రువం

నేను యోతెబొరిలో ఉంటాను (మీరంతా గోథెన్‌బర్గ్ అంటారు). పదకొండేళ్ళయింది వచ్చి. ముందు ఒక చిన్న దిద్దుబాటు: గెస్లె కాదండీ, ఇక్కడ 'యెస్లె' అంటారు. 'గ' తర్వాత ఎకారం వస్తే 'య' అయిపోతుంది. నేనూ మొదట్లో ఆఫీసులో గెస్లె అని నవ్వులపాలయ్యాను.

ఆ అమెరికన్ విద్యార్థి ఉన్న బోరోస్ మాకు ఓ అరవై కిలోమీటర్లు. అప్పట్లో బట్టల మిల్లుల ఊరు. ఇక అసలు సంగతి. ఈ కథ ఎవరు చెప్పినా 1988 నుంచే మొదలుపెడతారు. నాకది నచ్చదు. పేర్ అప్పటికే ఇక్కడ ఒక తరం పిల్లలకి హీరో. 'యిల్లెనె తీదెర్' అని అతని హాల్మ్‌స్టాడ్ బ్యాండ్, 1980ల మొదట్లో స్వీడన్‌లో వాళ్ళని మించినవాళ్ళు లేరు. ఆ బ్యాండే 1984లో ఇంగ్లీషులో ఒక ఆల్బమ్ చేసి అమెరికా మీద కన్నేసింది. స్వీడిష్ పేరు అక్కడివాళ్ళ నోరు తిరగదని, అందులోంచి కొన్ని పాటలు ఏరి వేరే పేరు పెట్టి విడుదల చేశారు. ఏం పేరో ఊహించండి. రాక్సెట్! డాక్టర్ ఫీల్‌గుడ్ అనే ఇంగ్లీషు బ్యాండ్ పాట పేరు అది. ఆ రికార్డుని అమెరికాలో పట్టించుకున్న నాథుడు లేడు.

అంటే అదే మనిషి, అదే పేరు, అదే దేశం. నాలుగేళ్ళ ముందు తలుపు తడితే తెరవలేదు. బ్యాండ్ విడిపోయింది, పేర్ సొంతంగా చేసిన స్వీడిష్ రికార్డులు చతికిలపడ్డాయి. ఇక్కడి ఈఎమ్‌ఐ పెద్దాయన, నువ్వు రాసిన ఒక స్వీడిష్ పాటనే ఇంగ్లీషులో మారీతో కలిసి పాడు అని సలహా ఇచ్చాడు. 1986లో వచ్చిన 'నెవరెండింగ్ లవ్' అలా పుట్టింది. ఇది ఆకాశం నుంచి పడ్డ అదృష్టంలా ఉందా మీకు?

పాతక్యాసెట్

ఉత్తరధ్రువం గారూ, 1984 సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. కానీ అది నా పక్షానికే పనికొస్తుంది కదా! కష్టం, అనుభవం, కంపెనీ అన్నీ 1984లోనూ ఉన్నాయి. ఏం జరిగింది? ఏమీ జరగలేదు. 1988లో కొత్తగా చేరింది ఏమిటంటే ఒక సూట్‌కేసు.

సుస్వర

ఒక సూట్‌కేసూ, ఒక ఆడమనిషీ. పైనుంచి చదువుకుంటూ వస్తున్నా, అందరూ పేర్, కుర్రాడు, కంపెనీ అంటున్నారే తప్ప పాడినావిడ ఊసే లేదు.

1984 రాక్సెట్‌కీ 1988 రాక్సెట్‌కీ తేడా మారీ. పంతులుగారు చెప్పిన నాలుగు పాటల్ని మళ్ళీ వినండి. 'ద లుక్', 'జాయ్‌రైడ్' ముందుండి నడిపింది పేర్ గొంతు. 'లిజన్ టు యువర్ హార్ట్', 'ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్' మారీవి. సరిగ్గా సగం సగం. ఆ కుర్రాడు తీసుకెళ్ళింది ఒక సరదా పాట. దాంతోనే ఆగి ఉంటే ఒక వేసవి మోగి మర్చిపోయే బృందాల్లో ఒకటయ్యేది, బ్లూ స్వీడ్‌లాగా. కొన్ని నెలల తర్వాత అదే రేడియోలో ఆ రెండో గొంతు వినిపించేసరికి జనం ఆగి విన్నారు. 'లిజన్ టు యువర్ హార్ట్' చివర్లో శ్రుతి పైకి మారుతుంది చూడండి, అక్కడ ఆవిడ గొంతు ఎక్కడా చీలదు, అరవదు. నేను పదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, తారస్థాయిలో అంత తేలిగ్గా నిలబడటం ఎంత కష్టమో గురువుగారి దగ్గర చీవాట్లు తిన్నవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకోటి. మారీ అప్పటికే స్వీడిష్‌లో సొంతంగా పేరున్న గాయని. పేర్‌తో కలిసి ఇంగ్లీషు పాప్ పాడితే ఉన్న పేరు పోతుందని అన్నవాళ్ళూ ఉన్నారు. పోగొట్టుకోవడానికి ఏమైనా ఉన్నది ఆవిడకే. అప్పటికి పేర్ చేతులు ఖాళీ.

కీబోర్డుకిట్టు

అక్కా, నూటికి నూరు పాళ్ళు. నేను పెళ్ళిళ్ళకీ కాలేజీ ఫంక్షన్లకీ కీబోర్డు వాయిస్తాను, అందుకని 'ద లుక్' గురించి రెండు ముక్కలు.

ఆ పాట పుట్టిందే ఒక కొత్త సింథసైజర్ నేర్చుకునేటప్పుడు. పేర్ దాని మీద ప్రోగ్రామింగ్ తిప్పుతూ తిప్పుతూ ఒక బేస్ వరస పట్టుకున్నాడు. మొదటి చరణాల్లో మాటలు నోటికొచ్చినవి, కొలతకి పెట్టుకున్నవి. తర్వాత అసలు మాటలు రాద్దామనుకుని, ఇవే బాగున్నాయని వదిలేశాడు. మన సినిమాల్లో ట్యూన్ చెప్పడానికి డమ్మీ మాటలు వాడతారు కదా, అవే ఫైనల్ అయిపోయినట్టు అన్నమాట. 'నా నా నా' అనే చోట ఏ భాషవాడైనా పాడేస్తాడు. కారు రేడియోలో పది సెకన్లలో మనిషిని పట్టేసే సరుకు అది.

నా ఉద్దేశం, ఆ స్టేషన్‌కి రోజూ బోలెడన్ని రికార్డులు వచ్చేవి. ఈ ఆల్బమ్‌నీ చాలా రోజులు ఎవరూ ముట్టుకోలేదట. తిరిగి ఇచ్చేద్దామనుకుంటూ ఒకసారి వింటే పాట అంటుకుందని చెబుతారు. పండు పండకపోతే ఎన్ని కాకులు వాలినా కింద పడదు పాతక్యాసెట్ అన్నా.

సందేహాలసుబ్బు

సరే, పండు పండింది. ఏ చెట్టుది? అది చెప్పండి. స్వీడన్ జనాభా అప్పుడు ఎనభై అయిదు లక్షలు. ఒక్క ముంబైలో అంతకంటే ఎక్కువ జనం. అబ్బా, యూరప్, రాక్సెట్, ఏస్ ఆఫ్ బేస్, అన్నీ అక్కడినుంచే ఎందుకు? ఇది మనుషుల సత్తానా, ప్రభుత్వం చలవా?

ఉత్తరధ్రువం

ప్రభుత్వం పాత్ర ఉంది. ఇక్కడ మున్సిపాలిటీలు నడిపే సంగీత పాఠశాలలు ఉన్నాయి, మా పెద్దమ్మాయి వారానికోసారి వయొలిన్‌కి వెళ్తుంది. ఫీజు మన దగ్గర ట్యూషన్‌కి ఇచ్చేదానితో పోలిస్తే నామమాత్రం. కుర్రాళ్ళు బ్యాండ్ పెట్టుకుంటే వయోజన విద్యా సంఘాల ద్వారా రిహార్సల్ గది దొరుకుతుంది, దానికి సర్కారు సొమ్ము వస్తుంది. టీవీలో అమెరికన్ సీరియల్‌కి డబ్బింగ్ చెప్పరు, కింద అక్షరాలు వేస్తారు, కాబట్టి పిల్లలకి చిన్నప్పుడే ఇంగ్లీషు చెవిన పడుతుంది. ఎనభై అయిదు లక్షల మందిని నమ్ముకుంటే పాటగాడికి గడవదు, అందుకని బయటికి చూపు.

కానీ దీన్నే పూర్తి జవాబుగా చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. డెన్మార్క్‌లోనూ నార్వేలోనూ దాదాపు ఇవే ఏర్పాట్లు. నార్వే నుంచి ఆ-హా 1985లో అమెరికా నంబర్ వన్ కొట్టింది నిజమే, ఆ తర్వాత వరస కట్టలేదు కదా. బడి నేల చదును చేస్తుంది, అంతవరకే.

లెక్కలపంతులు

సుబ్బుగారు సినిమా పాట అన్నారు, దానికి బాకీ ఉండిపోయాను. 'ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్' 1987 నాటి క్రిస్మస్ పాట. ఈఎమ్‌ఐ జర్మనీ శాఖ క్రిస్మస్‌కి ఒకటి కావాలంటే చేశారు, చేశాక వాళ్ళే విడుదల చేయలేదు. స్వీడన్‌లో మాత్రం వచ్చింది. తర్వాత సినిమావాళ్ళు పాట అడిగేసరికి వీళ్ళు ప్రదర్శనలతో ఊపిరాడకుండా ఉన్నారు, కొత్తది రాసే తీరిక లేదు. పాతదాన్నే తీసి, క్రిస్మస్ అన్న చోట చలికాలం అని మార్చి, వాద్యాలు కాస్త సర్ది ఇచ్చేశారు.

అమెరికా శాఖ 'లుక్ షార్ప్' వద్దంది. జర్మనీ శాఖ ఈ పాట వద్దంది. సొంత దేశంలో కూడా 'ద లుక్' మూడో సింగిల్‌గా కానీ రాలేదు, ముందు వేరే రెండు వదిలారు. ఇక్కడ దురదృష్టాలే ఎక్కువ కనిపిస్తున్నాయి నాకు. ఒక్క అదృష్టం వచ్చి లెక్క సరిచేసింది, అంతే.

పాతక్యాసెట్

పంతులుగారూ, ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. కంపెనీల తెలివితక్కువతనం కూడా అదృష్టం ఖాతాలోనే రాయాలని నాకు తోచలేదు.

అయినా ఒక మాట మిగిలే ఉంది. సుస్వర గారు చెప్పిన ఆ రెండో గొంతుకి తలుపు తెరిచింది మొదటి పాటే. 'ద లుక్' తర్వాతే కంపెనీ డబ్బు పెట్టింది, వీడియోలు తిప్పింది, సినిమావాళ్ళు అడిగారు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఆ రోజుల్లో ఊరి స్టేషన్‌లో కూర్చున్న ఒక మనిషి, నాకు నచ్చింది వేస్తా అంటే వేసేవాడు. 1996లో అమెరికాలో చట్టం మార్చి ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఎన్ని స్టేషన్లయినా కొనుక్కోవచ్చన్నారు. ఆ తర్వాత ఏ పాట వెయ్యాలో చాలాచోట్ల ఎక్కడో ఉన్న ప్రధాన కార్యాలయం చెప్పడం మొదలైంది. అదే కుర్రాడు ఓ పదేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే అదే ఆల్బమ్ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడేవాడు.

కాబట్టి నా ఓటు సగం మారుస్తున్నా. పండు పండిందే, ఒప్పుకున్నా. కాకినీ వదులుకోను.

సందేహాలసుబ్బు

సగం ఓటు చెల్లదన్నా.

సుస్వర

ఆయన్ని వదిలేయ్ సుబ్బూ, ఈ వేదికలో ఎవరైనా సగం మారడమే నేను మొదటిసారి చూడటం. పాతక్యాసెట్ గారూ, మీ క్యాసెట్‌కి పట్టిన బూజు మెత్తటి బ్రష్‌తో పోతుందేమో, రీలు పారేయకండి. మా నాన్నగారి ఘంటసాల క్యాసెట్లు అలాగే బతికించాం.

ఉత్తరధ్రువం

ఒకటి చెప్పి వెళ్తా. 2019 డిసెంబర్‌లో మారీ పోయిన వార్త వచ్చినరోజు సాయంత్రం మా ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో 'లిజన్ టు యువర్ హార్ట్' పెట్టారు. మామూలుగా ఇక్కడివాళ్ళు నలుగురిలో పాడరు, మొహమాటం ఎక్కువ. ఆరోజు గిన్నెలు తోమే పెద్దాయన మొదలుపెట్టాడు, శ్రుతి మారే చోటు దాకా వచ్చాడు, అక్కడ ఆగిపోయి నవ్వేశాడు. ఆ ముక్క ఎవరి వల్లా కాలేదు.