పాతికేళ్ల స్ప్లెండర్‌కు సింథటిక్ ఆయిల్ పోయవచ్చా, మినరల్ ఆయిలే కొనసాగించాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2000లో కొన్న హీరో హోండా స్ప్లెండర్‌ను ఇప్పుడు నేను నడుపుతున్నాను. మాది పల్నాడు జిల్లా. రోజూ బడికి వెళ్లి రావడానికి 28 కిలోమీటర్లు తిరుగుతాను. మీటరు 92,000 దగ్గర ఉండగా కేబుల్ తెగి కొన్నేళ్లు అలాగే ఉండిపోయింది కాబట్టి, బండి అసలు ఎంత తిరిగిందో చెప్పలేను. ఇంజన్‌ను ఒక్కసారి కూడా బోరు (అరిగిన సిలిండరును తిరిగి చెక్కించడం) చేయించలేదు.

నాన్నగారు మొదటి నుంచీ 20డబ్ల్యు-40 అనే చిక్కదనం గ్రేడున్న మినరల్ ఆయిలే, అంటే ముడిచమురును మామూలుగా శుద్ధి చేసి తీసిందే, పోయించేవారు. రెండు వేల కిలోమీటర్లకు ఒకసారి తప్పనిసరిగా మార్పించి, ఆ తేదీని పెట్రోలు ట్యాంకు కింద పెట్టుకున్న చిన్న డైరీలో రాసుకునేవారు. నేనూ ఆ పద్ధతే పాటిస్తున్నాను. ఈ మధ్య ఉదయం మొదటి కిక్కు కొట్టగానే సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ ఒక్క గుప్పెడు వచ్చి, అర నిమిషంలో ఆగిపోతోంది. ఆయిల్ మార్చే నాటికి 150 మిల్లీలీటర్ల వరకు తగ్గుతోంది. మైలేజీ 55 వస్తోంది, పికప్‌లో తేడా లేదు.

విడిభాగాల దుకాణంలో అడిగితే 10డబ్ల్యు-30 ఫుల్ సింథటిక్ పోయమన్నారు. 900 మిల్లీలీటర్ల సీసా మినరల్‌ది 420 రూపాయలు, సింథటిక్‌ది 900 రూపాయలు. సింథటిక్ అయితే 5,000 కిలోమీటర్ల వరకు మార్చనక్కర్లేదని, చివరికి అదే చవక పడుతుందని వారి లెక్క. మా మెకానిక్ మాత్రం పాత బండికి సింథటిక్ పోస్తే సీళ్లు కారతాయని, క్లచ్ జారుతుందని గట్టిగా చెబుతున్నారు. ఈ బండిని ఇంకో పదేళ్లు నడపాలన్నది నా కోరిక. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

నమస్కారం మాస్టారూ. ఖమ్మంలో ఇరవై రెండేళ్లుగా మెకానిక్ పని చేస్తున్నాను. నా చేతి మీదుగా వెళ్లిన బళ్లలో సగానికి పైగా ఈ 97.2 సీసీ ఇంజన్‌వే. ఏ ఆయిల్ కొనాలో ఆలోచించే ముందు, మీ బండి చెబుతున్న మాట ఏమిటో చూద్దాం.

ఉదయం ఒక్కసారి వచ్చి ఆగిపోయే నీలం పొగకు సాధారణంగా వాల్వ్ సీళ్లు, అంటే ఆయిల్ సిలిండరులోకి దిగకుండా వాల్వుల చుట్టూ ఉండే రబ్బరు రింగులు, కారణం. రబ్బరు గట్టిపడిన సీలు పక్క నుంచి రాత్రంతా చుక్కచుక్కగా దిగిన ఆయిల్, స్టార్టు చేయగానే కాలిపోతుంది. పిస్టన్ రింగులు, బోరు అరిగిన బండి అలా ఉండదు. అది గేరు వేసి లాగినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, వెనక వచ్చేవారికి కనిపించేంత పొగ వదులుతూనే ఉంటుంది. మీ బండిలో పికప్ తగ్గలేదంటున్నారు కాబట్టి బోరు ఇంకా బాగానే ఉండి ఉండాలి. సిలిండరులోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజీ ఉన్న షాపులో ఒకసారి కొలిపించుకుంటే సందేహం తీరిపోతుంది.

రెండో విషయం, నేను అందరికీ చెప్పేదీ, ఎవరూ పెద్దగా పట్టించుకోనిదీ. ఈ ఇంజన్‌లో కారుకు ఉన్నట్టు మార్చి పారేసే కాగితపు ఫిల్టరు లేదు. ఒక జల్లెడ, క్రాంకుతో పాటు తిరిగే ఒక గుండ్రటి డబ్బా, ఈ రెండే ఉన్నాయి. ఆ డబ్బా వేగంగా తిరుగుతున్నప్పుడు ఆయిల్‌లోని ఇనుప రజను, మసి అంచులకు విసిరికొట్టినట్టు వెళ్లి అతుక్కుంటాయి. క్లచ్ వైపు కవరు విప్పితే తప్ప అది కనపడదు కాబట్టి, చాలా బళ్లలో కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ తెరిచి ఉండరు. నెల క్రితం ఒక 2002 మోడల్ బండిది విప్పాను. లోపల దోసె పెంకుకు పట్టిన మసిలాంటి నల్లటి పొర, వేలి గోరు మందాన పేరుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే ముక్కలుగా ఊడింది. వేళ్ల మధ్య నలిపి ఎండలో చూస్తే సన్నటి ఇనుప మెరుపు కనిపించింది. అంత చెత్త పట్టిన డబ్బాలో కొత్త మురికికి చోటెక్కడిది? అది ఆయిల్‌తో పాటు బేరింగుల్లోకి పోతుంది. సింథటిక్ పోసినా, మినరల్ పోసినా ఆ మురికిలోనే తిరగాలి.

కాబట్టి ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు ఆ కవరు విప్పించి, డబ్బా, జల్లెడ కడిగించి, కొత్త ప్యాకింగ్ వేయించండి. తరవాత మామూలు 20డబ్ల్యు-40 పోయండి. వాల్వ్ సీళ్లకు హెడ్డు విప్పక తప్పదు; ఈ కాస్త పొగకు తొందర అక్కర్లేదు. కానీ ఒక్క సంగతి మరిచిపోకండి. మార్చినప్పుడు ఇంజన్‌లో పట్టేది సుమారు 800 మిల్లీలీటర్లే. అందులో 150 తగ్గిందంటే దాదాపు ఐదో వంతు పోయినట్టు. పదిహేను రోజులకొకసారి, బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు నిమిషాలు ఆగి చూడండి. డిప్‌స్టిక్‌ను తుడిచి, మరలు బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే మట్టం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

రెండో సమాధానం

లూబ్రికెంట్ల పరీక్షశాలలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. పై సమాధానంలోని సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే సింథటిక్ గురించి మీ ఊళ్లో వినిపిస్తున్న భయాలలో ఏది ఎంత నిజమో వివరించడం అవసరమనిపించింది.

ముందు క్లచ్ సంగతి. కారులో ఇంజన్ ఆయిల్ క్లచ్‌ను తాకదు. మీ బండిలో ఇంజన్‌కు, గేర్లకు, క్లచ్ ప్లేట్లకు ఒకటే ఆయిల్. ఇంధనం ఆదా కోసం రాపిడిని బాగా తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారవచ్చు. జపాన్‌లో 1998లో వచ్చిన జాసో టి 903 ప్రమాణం ఈ ఇబ్బంది కోసమే పుట్టింది. సీసా వెనక ‘జాసో ఎంఎ’ లేదా ‘ఎంఎ2’ అని ఉంటే అది మీ బండిలో లాగా ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్‌కు పనికొస్తుంది. ‘ఎంబి’ అని ఉంటే అది ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేని క్లచ్ ఉన్న స్కూటర్లకు ఉద్దేశించినది. ఇందులో సింథటిక్, మినరల్ అన్న తేడా లేదు. ఎంఎ గుర్తున్న సింథటిక్‌తో క్లచ్ జారుతోందంటే, ప్లేట్లు అప్పటికే అరిగి ఉండటమో, కేబుల్ సర్దుబాటు తప్పడమో కారణమై ఉంటుంది.

ఇక సీళ్లు. తొలినాటి కొన్ని సింథటిక్ నూనెలు రబ్బరును కొద్దిగా కుదించేవి. ఇప్పుడు ఆ గుణాన్ని సరిచేసే పదార్థాలు కలిపే అమ్ముతున్నారు. అయినా మీ మెకానిక్ గారి మాటలో అనుభవం ఉంది, దాన్ని తోసిపుచ్చకండి. పాతికేళ్ల సీలు ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది, ఆ పగుళ్లను ఏళ్ల నాటి జిడ్డు మూసి ఉంచుతుంది. మురికిని బాగా కడిగే గుణం ఉన్న కొత్త ఆయిల్ పోస్తే ఆ జిడ్డు కరిగి, దాగి ఉన్న కారుడు బయటపడుతుంది. సీలు పాడైంది అంతకుముందే, తెలిసింది మాత్రం ఇప్పుడు.

సింథటిక్ అన్న మాట కూడా మీరు అనుకున్నంత స్పష్టమైనది కాదు. ముడిచమురును హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేయగా వచ్చే మూడో గ్రూపు నూనెను సింథటిక్ అని పిలవవచ్చా అన్న వివాదం అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య నడిచి, అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ 1999లో పిలవవచ్చని తేల్చింది. కాబట్టి సీసా ముందు వైపున్న పెద్ద అక్షరాల కన్నా, వెనక వైపున్న చిన్న అక్షరాలలోని గ్రేడు, జాసో గుర్తు మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

గ్రేడు విషయంలోనే నాకు మీ దుకాణదారు గారితో పేచీ. ఇప్పటి కొత్త బళ్లకు కంపెనీ 10డబ్ల్యు-30 చెబుతున్న మాట నిజం. అవి కొత్త ఇంజన్లు. డబ్ల్యు ముందున్న అంకె చలిలో ఇంజన్ తిరగడానికి సంబంధించినది. 20డబ్ల్యు ఆయిల్‌ను పరీక్షించేదే మైనస్ 15 డిగ్రీల దగ్గర. రెంటచింతల ఎండలు తెలిసిన మీకు ఆ అంకెతో పనేముంది? చూడవలసింది రెండో అంకె. వంద డిగ్రీల వేడిలో 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. గాలితో చల్లబడే ఇంజన్, 45 డిగ్రీల ఎండ, సందులు కాస్త పెరిగిన భాగాలు కలిసిన చోట 30కి దిగితే ఆయిల్ ఖర్చు పెరిగే అవకాశమే ఎక్కువ. సింథటిక్ పోయాలనిపించినా రెండో అంకె 40 ఉన్నదే తీసుకోండి.

మూడో సమాధానం

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే, సింథటిక్ వైపు నుంచి నా అనుభవం చెబుతాను. హైదరాబాద్‌లో సరుకుల డెలివరీ చేస్తాను, నాదీ 2003 స్ప్లెండరే. రోజుకు నూరు కిలోమీటర్లకు తక్కువ తిరగదు, అందులో సగం సిగ్నళ్ల దగ్గర నిలబడి ఉండటమే. మొదట బోరు చేయించకుండానే సింథటిక్ పోశాను. మూడు వారాల్లో టాపెట్ మూత దగ్గర, గేరు రాడ్డు సీలు దగ్గర చెమ్మ మొదలైంది, మెకానిక్‌తో మాటలు పడ్డాను. ఆ రెండు సీళ్లకూ కలిపి అయిన ఖర్చు మాత్రం చాలా తక్కువ. తరవాత బోరు చేయించి, కొత్త పిస్టను, రింగులు వేయించి, మొదటి వెయ్యి కిలోమీటర్లు మినరల్ మీదే నడిపి, అప్పుడు 10డబ్ల్యు-40 సింథటిక్‌కు మారాను. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో గంటసేపు నడిపాక కూడా గేర్లు మెత్తగా పడుతున్నాయి. మినరల్ అయితే 1,500 కిలోమీటర్లకే గేరు గట్టిపడేది. నాలాగా తిరిగే బండికి ఆ డబ్బు ఊరికే పోదు. మాస్టారు గారి బండి రోజుకు 28 కిలోమీటర్లే కాబట్టి వారికీ ఇదే చేయమని చెప్పలేను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినవి చదివాక కాగితం మీద లెక్క వేశాను. ఆయిల్ తగ్గకపోతే దుకాణదారు గారి మాటే నిజం: మార్చిన ప్రతిసారీ 800 మిల్లీలీటర్ల చొప్పున చూస్తే, వంద కిలోమీటర్లకు సింథటిక్ 16 రూపాయలు, మినరల్ దాదాపు 19 రూపాయలు. కానీ నా బండి తాగే ఆయిల్‌ను కూడా కలిపితే, 5,000 కిలోమీటర్లలో 375 మిల్లీలీటర్లు అదనంగా పోయాలి కాబట్టి, సింథటిక్ 23 రూపాయల 50 పైసలకు, మినరల్ 22 రూపాయలకు వస్తున్నాయి. వాల్వ్ సీళ్లు బాగుచేయించనంత వరకు ఖరీదైన ఆయిల్‌ను పొగ చేయడమే అవుతుందని అర్థమైంది.

దసరా సెలవుల్లో కంప్రెషన్ కొలిపించి, క్లచ్ కవరు విప్పించాలనుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. మా మెకానిక్, లోపల శుభ్రం కావడానికి పాత ఆయిల్ తీసేశాక డీజిల్ పోసి రెండు నిమిషాలు ఇంజన్ నడుపుతానంటున్నారు. నడపనివ్వవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

వద్దు మాస్టారూ. డీజిల్‌కు బేరింగు మీద నిలిచే చిక్కదనం లేదు, ఆ రెండు నిమిషాలూ ఇనుము ఇనుమును రాసుకుంటుంది. పైగా ఊడిన మడ్డి జల్లెడకు అడ్డం పడవచ్చు, కాస్త డీజిల్ లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. కవరు ఎలాగూ విప్పుతున్నారు కదా, డబ్బాను, జల్లెడను చేత్తోనే కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి బిగించమనండి. బండిని పది నిమిషాలు నడిపి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ బోల్టు విప్పి, కారడం ఆగేదాకా వదిలేస్తే మురికి చాలావరకు దానంతట అదే దిగిపోతుంది. బోల్టు వాషరు కొత్తది వేయించండి. ఆ డబ్బాలో ఎంత పొర పట్టిందో ఫొటో తీసి ఇక్కడ పెడితే, కవరు మళ్లీ ఎన్ని వేల కిలోమీటర్లకు విప్పాలో చెబుతాను.