నోటి ఒప్పుకోలు: గృహకూడికలో ఎలా పలకాలి, ఎక్కడ ఆగాలి?

మారతహళ్లి_కూడిక:
అందరికీ వందనాలు. బెంగళూరు మారతహళ్లిలో శుక్రవారం సాయంత్రాలు తెలుగు గృహకూడిక జరుగుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వాళ్ల దగ్గరికి ఊళ్లనుంచి వచ్చిన తల్లిదండ్రులు కలిసి పదిహేనుమంది దాకా ఉంటారు. వాక్యం అయ్యాక పది నిమిషాలు ‘ప్రకటనలు’ పలుకుతున్నారు: “నాకు రోగం లేదు”, “ఈ నెల నా ప్రమోషన్ వచ్చేసింది”, “నా అప్పు తీరిపోయింది”. ఆధారం అడిగితే సామెతలు 18:21, మార్కు 11:23, రోమా 4:17 చూపిస్తారు. ఇప్పుడు ప్రార్థన అవసరతలు చెప్పమంటే ఎవరూ నోరు విప్పడం లేదు. షుగర్ ఉందని పైకి అంటే దాన్ని ఒప్పుకున్నట్టేనని భయం. ఇద్దరు పెద్దవాళ్లు మాత్రలు మానేద్దామనుకుంటున్నారు. మాటకు బలం ఉందని వాక్యమే చెబుతోంది కాబట్టి ఆ పది నిమిషాలు తీసేయాలని లేదు. ఆ మూడు వచనాలను ఎలా చదవాలి? ఆ సమయాన్ని ఎలా నడిపితే సరిగ్గా ఉంటుంది?

వాక్యపరిశీలన_కేఆర్‌పురం:
బ్రదర్, ఏ వచనాన్నైనా ప్రకటనగా మార్చే ముందు ఆ మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ముందూ వెనకా ఏముంది అని చూడండి. ఈ మూడింటికీ అది చాలు.

“జీవమరణములు నాలుక వశము” అన్న సామెతలు 18:21 చుట్టూ ఉన్నవి చదవండి. 6, 7 వచనాల్లో మూర్ఖుడి నోరు తెచ్చే జగడం, 8లో కొండెములు, 13లో సంగతి వినకుండానే జవాబివ్వడం, 17లో వ్యాజ్యంలో మొదట మాట్లాడినవాడి వాదం. తీర్పులు ఊరి గవిని (ప్రధాన ద్వారం) దగ్గర పెద్దలముందు జరిగే రోజులవి. ద్వితీయోపదేశకాండము 17:6 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షుల నోటిమాట మీద ఒక మనిషికి మరణశిక్ష పడేది. 1 రాజులు 21లో నాబోతు అనే మనిషిని చంపింది అదే: యెజెబెలు రాణి ఇద్దరు పనికిమాలినవాళ్లను కూర్చోబెట్టి, వీడు దేవుణ్ణీ రాజునూ దూషించాడని చెప్పించింది, ఊరివాళ్లు బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టారు. ఈ వచనంలోని బలం నిజమైనదే, కానీ అది ముందు ఎదుటివాడి బతుకు మీద పనిచేసే బలం. కూడికలో ఒకరిమీద చాడీ చెప్పి, తర్వాత అదే నోటితో ఐశ్వర్యం ప్రకటించేవారు ఈ వచనాన్ని ముందు తమకే చదువుకోవాలి.

సందేహించకుండా ఈ కొండతో ‘సముద్రంలో పడు’ అంటే జరుగుతుందనే మార్కు 11:23ను ఒంటరిగా తీయకండి. 22లో దేవునియందు విశ్వాసం, 24లో ప్రార్థన, 25లో ‘ఒకనిమీద ఏమైనా ఉంటే క్షమించండి’. కొండతో మాట్లాడటం నేర్పేవారిలో ఎక్కువమంది 25 దగ్గరికి రారు. అక్కడ ఆగిపోతే ఆ పాఠం సగమే.

రోమా 4:17లో లేనివాటిని ఉన్నట్టే పిలిచేవాడు దేవుడు. అబ్రాహాము కాదు, మనమూ కాదు. రెండు వచనాలు కిందికి వెళితే, అబ్రాహాము తన శరీరం మృతతుల్యమైపోయిందని ఆలోచించాడనే 19వ వచనం రాసి ఉంది. నూరేళ్ల వయసును దాచలేదు, వయసే లేదని ప్రకటించలేదు. దాన్ని తేరిపార చూశాకే, కొడుకు పుడతాడన్న దేవుని వాగ్దానాన్ని నమ్మాడు. విలాపవాక్యములు 3:37 ఇదే అడుగుతుంది: “ప్రభువు సెలవులేనిది మాట యిచ్చి నెరవేర్చగలవాడెవడు?”

ఇక రోగం పేరు పలకకూడదన్న సంగతి. యాకోబు 5:14 ప్రకారం రోగి సంఘపెద్దలను పిలిపించాలి. నాకు బాగాలేదని చెప్పకుండా ఎలా పిలిపిస్తాడు? పౌలు తిమోతి కడుపు జబ్బును ఉత్తరంలోనే ప్రస్తావించాడు (1 తిమోతి 5:23). త్రోఫిము రోగియై ఉంటే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). ఎపఫ్రొదితు చావుకు సిద్ధమయ్యేంత జబ్బుపడ్డాడని ఫిలిప్పీ సంఘానికి తెలియజేశాడు. పౌలుది అవిశ్వాసమని ఎవరూ అనలేరు కదా. పలికినదల్లా కలుగుతుందనే బోధ ఈ రూపంలో ప్రచారమైంది ఇ.డబ్ల్యు. కెన్యన్ (1867–1948), తర్వాత కెన్నెత్ హేగిన్ (1917–2003) లాంటి అమెరికా బోధకుల ద్వారా. మీ కూడికలో దాన్నే ఆదినుంచీ వస్తున్న బోధ అని చెబుతుంటే ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

ఫార్మసీ_సిస్టర్:
అన్నా, మాత్రల సంగతి ఈ శుక్రవారమే మాట్లాడండి, ఆగొద్దు. మందు మానిన మర్నాడే తేడా కనిపించదు, మోసం అక్కడే. థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ సగం తగ్గడానికే వారం పడుతుంది, కాబట్టి మానేసిన రెండు వారాలు కూడా మనిషికి బాగానే అనిపించవచ్చు. ఆ ధైర్యంతో సాక్ష్యం చెప్పేస్తారు. నీరసం, వాపు తర్వాత వస్తాయి. అప్పటికి అందరిముందూ స్వస్థత అని చెప్పేశారు కాబట్టి వెనక్కి తీసుకోలేక దాచుకుంటారు. షుగర్‌కి పొద్దున పరగడుపున ఒకసారి నార్మల్ వస్తే అది రుజువు కాదు, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించాలి. టైప్ 1 వాళ్లు ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఫిట్స్ మందు, అటెనొలాల్ లాంటి కొన్ని బీపీ మందులు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే.

కూడికలో నియమం ఒక్కటి పెట్టండి: ప్రార్థన ఈ రోజే, మాత్ర మార్పు డాక్టరు చేతే, సాక్ష్యం రిపోర్టు వచ్చాకే. దేవుడు బాగుచేసినది పరీక్షకు నిలబడుతుంది. యేసు కుష్ఠరోగిని వెళ్లి యాజకుడికి కనబడమన్నాడు (మార్కు 1:44), మోషే ధర్మశాస్త్రంలో ఆ పరీక్ష చేసేది యాజకుడే.

మారతహళ్లి_కూడిక:
చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు సంగతులు. “నువ్వు బాగుపడవు” అని చిన్నప్పుడు పెద్దవాళ్లు అన్న మాట శాపంగా వెంటాడుతోందా అని ఒక చెల్లి అడుగుతోంది. పది నిమిషాల క్రమం ఎలా ఉండాలో కూడా ఎవరైనా రాయండి.

సండేస్కూల్_అక్క:
ఆ చెల్లికి ముందు సామెతలు 26:2 చదివించండి తమ్ముడూ. హేతువులేని శాపం రెక్కలాడించే పిచ్చుకలా, దాటిపోయే వానకోవెలలా దిగదు. తర్వాత సంఖ్యాకాండము 22 నుంచి 24: శపించడానికి మోయాబు రాజు డబ్బు ఆశచూపి పిలిపించినా బిలాము ఇశ్రాయేలును శపించలేకపోయాడు. అయితే “అది ఉత్త మాటే కదా” అని కొట్టిపారేయకండి. కత్తిపోటులాంటి మాటలుంటాయని సామెతలు 12:18 ఒప్పుకుంటుంది, అదే వచనం జ్ఞానుల నాలుక ఆరోగ్యదాయకం అంటుంది. గాయం నిజం, శాపం బంధించదు. ఈ రెండూ ఒకే సాయంత్రం చెప్పాలి. శాపాలు తెంచుతామంటూ వంశవృక్షం రాయించే పని పెట్టుకోవద్దు, భయం పెరుగుతుంది తప్ప తగ్గదు.

క్రమానికొస్తే, మొదట కీర్తన 103 తొలి ఐదు వచనాలు అందరూ కలిసి గట్టిగా చదవాలి, నిమిషం చాలు. తర్వాత ఆరేడు నిమిషాలు అవసరతలకు. చెప్పేవారు ఒక్క వాక్యంలో ఉన్నదున్నట్టు చెప్పాలి: “అమ్మకు షుగర్ మూడు వందలు దాటింది.” పక్కనున్నవారు వెంటనే ఒక వాగ్దానం ఎత్తి రెండు వాక్యాల్లో ప్రార్థించాలి. ‘ప్రమోషన్ వచ్చేసింది’ అన్నవారికి యాకోబు 4:15 చూపించి, “ప్రభువు చిత్తమైతే ఇవ్వు, ఇవ్వకపోయినా నమ్మకంగా పనిచేసే బలం ఇవ్వు” అని మార్చి పలికించండి. మొదటి రెండు వారాలు చప్పగా అనిపిస్తుంది, మూడోవారానికి జనం నిజం చెప్పడం మొదలుపెడతారు.

ఉద్వేగంలో మొక్కుబడులు పలికించకండి. “ఇది జరిగితే ఇంత ఇస్తాను” అన్న మాట పదిమంది మధ్య తేలిగ్గా వచ్చేస్తుంది. ప్రసంగి 5:5 మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలంటుంది. యుద్ధంలో గెలిస్తే ఇంట్లోంచి ముందు ఎదురొచ్చినదాన్ని బలిస్తానన్న యెఫ్తా మొక్కు కూతురి మీదికి వచ్చింది (న్యాయాధిపతులు 11).

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది వాట్సాప్. కూడికలో చెప్పిన రోగం రాత్రికి మూడు గ్రూపుల్లో ‘ప్రేయర్ రిక్వెస్ట్’గా తిరిగితే ఆ మనిషి ఇక ఎప్పుడూ నోరు తెరవరు. చెప్పినవారు అనుమతిస్తేనే పేరు, లేకపోతే “ఒక సహోదరి” అని రాస్తే సరిపోతుంది.

హొరమావు_విశ్వాసి:
గొంతు సంగతి కూడా. బిడ్డకోసం ప్రార్థించినప్పుడు హన్నా పెదవులే కదిలాయి, స్వరం వినబడలేదు (1 సమూయేలు 1:13), అయినా దేవుడు విన్నాడు. కేకలు వేసినది బయలు అనే అన్యదేవత ప్రవక్తలు. అపార్ట్‌మెంట్‌లో చిన్న మైకు పెట్టినా పక్క ఫ్లాట్‌కి వెళుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్ష ఉంది కాబట్టి, 9:30కల్లా ముగించండి.

ముగింపుకి ‘యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక’ అని మొదలయ్యే దీవెన, సంఖ్యాకాండము 6:24–26 పెట్టుకోండి. హెబ్రీలో మొత్తం పదిహేను మాటలే, వరసగా మూడు, ఐదు, ఏడు. ఆ దీవెన చెక్కిన రెండు చిన్న వెండి రేకులు 1979లో యెరూషలేము దగ్గర కెతెఫ్ హిన్నోంలో దొరికాయి, క్రీస్తుకు ఆరేడు వందల ఏళ్ల ముందువి. ‘నేను’ అన్న మాట అందులో ఎక్కడా లేదు. దీవించేది యెహోవా, అందుకునేది ఎదుటివాడు. అందుకే ఎవరికివారు తమమీద కాక, పక్కవారి పేరు చెప్పి వారిమీద పలకాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాదు, వాళ్లకు అదే తెలుగు దీవెనను కన్నడ లిపిలో రాసి ఇవ్వండి.